ఒంటి చేత్తో తెరిచే శాంపిల్ డబ్బా లీక్ అవుతుందా?

ఈ డబ్బాకు కీలుతో అంటి ఉండే మూత ఉంటుంది, దాన్ని సరిగ్గా నొక్కి పెడితే లీక్ కాదు. మామూలు డబ్బా మరమూత తిప్పాలంటే డబ్బా తిరగకుండా ఇంకో చెయ్యి పట్టుకోవాలి. పక్షవాతంతో ఒక చెయ్యి పడిపోయినవాళ్లకు మూత్రం శాంపిల్ ఇవ్వడం అక్కడే నరకం. కీలు మూతకైతే నాలుగు వేళ్లు డబ్బాను పట్టుకుంటాయి, బొటనవేలు మూత అంచును పైకి నెడుతుంది. ఆ అంచు కాస్త ముందుకు పొడుచుకొస్తే తక్కువ బలం చాలు. ల్యాబుల్లో వాడే చిన్న పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ ట్యూబులు ఇలాంటివే. మూత, కీలు, ట్యూబు అంతా ఒకే ముక్క. సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో గిర్రున తిప్పినా మామూలుగా కారవు. సులువుగా తెరుచుకునేది వదులుగా ఉంటుందన్నది చాలామంది అపోహ. లీక్‌ను ఆపేది మర ఒక్కటే కాదు, మూత లోపలి వలయం అంచుకు బిగుతుగా ఆనినా చాలు. పైగా మూత డబ్బాకే అంటి ఉంటుంది కాబట్టి ఎక్కడా పెట్టనక్కర్లేదు, లోపలివైపు మురికి తగలదు.