ఇద్దరు పసిపిల్లలున్న ఇంట్లో కథలు రాసుకోవడానికి టైమ్ ఎలా దొరుకుతుంది?

పెళ్ళికి ముందు కథలు రాసేదాన్నని, ఇప్పుడు రెండేళ్ళ బాబుతో, చంటిపాపతో పెన్ను పట్టే తీరికే లేదని అడిగారు. నాకు ఐదేళ్ళ పాప, రెండేళ్ళ బాబు. ఈ దారిలో మీకంటే కాస్త ముందున్నాను, అంతే.

‘తెల్లవారుజామున నాలుగింటికి లేచి రాసుకో’ అని అందరూ చెబుతారు. నేనూ లేచాను. మంచం దిగిన ఐదు నిమిషాలకే పక్కన అమ్మ లేదని పసిగట్టి బాబు కూడా లేచేవాడు. కథా లేదు, నిద్రా లేదు, పగలంతా చిరాకు. రాత్రి రెండుసార్లు పాలకి లేచే తల్లికి ఈ సలహా ఇచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉయ్యాల ఊపి ఉండరు. వారానికే మానేశాను.

నాకు పనికొచ్చింది కథ సైజు తగ్గించుకోవడం. పాత నవల పక్కన పెట్టి సింగిల్ పేజీ కథలకి దిగాను. బాబు మధ్యాహ్నం గంటసేపు పడుకుంటాడు. అందులో సగం అంట్లకే పోయేది. (పోనివ్వకండి. గిన్నెలు వాడు లేచాక కూడా తోముకోవచ్చు.) ఆ గంటలో ఒక్క సన్నివేశం: రెండు పాత్రలు, ఒక చోటు, ఒక పూట. అంతకు మించి పెట్టుకుంటే మర్నాడు మళ్ళీ కథలోకి దిగడానికే టైమంతా సరిపోతుంది.

నిజానికి సగం రాత చేతులు ఖాళీ లేనప్పుడే అయిపోతుంది. కూర తరుగుతూ, పాపకి జడ వేస్తూ మొదటి వాక్యాన్ని పదిసార్లు లోపల అనుకుంటాను. మర్చిపోతాననిపిస్తే ఫోన్లో తెలుగు కీబోర్డు మైకు నొక్కి చెప్పేస్తాను. మా గోదారి యాసకి కొన్ని తప్పులు పడతాయి, తర్వాత దిద్దుకోవాలి. ఒకసారి డాబా మీద బట్టలు ఆరేస్తూ చెప్పాను. రాత్రి తీసి చూస్తే, కథలో చావు ఇంట్లో పెద్దాయన ‘అమ్మా, తమ్ముడు నా చెప్పు తినేస్తున్నాడు’ అంటున్నాడు!

ఇంట్లోవాళ్ళకి చెప్పడం ఇంకో సంగతి. ఫోన్లో రాస్తుంటే మా అత్తయ్యగారు నేను వీడియోలు చూస్తున్నాననుకునేవారు. నోటుబుక్కుకి మారాక ‘అమ్మ రాసుకుంటోంది, అటు వెళ్ళకండి’ అని ఆవిడే పిల్లల్ని ఆపుతున్నారు. మావారిని ‘వీలైతే కాసేపు చూడండి’ అని అడిగినన్నాళ్ళూ ఆయనకి వీలు కాలేదు. ‘ఆదివారం 8 నుంచి 10’ అని గంట చెప్పాక పార్కుకి తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. ఆ రెండు గంటలు కొత్తగా ఏమీ రాయను, వారంలో గీకినవి ఫెయిర్ చేస్తాను.

పోటీల గడువు చూసి టెన్షన్ పడకండి. దీపావళిది పోతే సంక్రాంతిది, అదీ పోతే ఉగాదిది ఉంటుంది. పత్రికకి పంపేటప్పుడు మాత్రం హామీ పత్రం మర్చిపోకండి: సొంత కథ, అనువాదం కాదు, ఇంకెక్కడా పరిశీలనలో లేదు అని. నిద్రమత్తులో అది జతచేయకుండానే ఒక కథ పంపేసి, నాలుగు నెలలు జవాబు కోసం ఎదురుచూశాను.

పోయిన ఏడాది ఆరు కథలు రాశాను, రెండు అచ్చయ్యాయి. నవల మూడో అధ్యాయం దగ్గరే ఆగి బీరువాలో ఉంది. బాబు బడికెళ్ళేదాకా దాన్ని బయటికి తీయను.