కళ్లజోడా, కాంటాక్ట్ లెన్సా: అమ్మలుకో ఉత్తరం

చిరంజీవి అమ్మలుకి, బాబాయి ఆశీస్సులు.

నువ్వు పంపిన కళ్లజోడు పవరు చీటీ చూశాను. కుడికన్ను మైనస్ 6.00, సిలిండర్, అంటే ఒక దిశలో మాత్రమే కావాల్సిన అదనపు పవరు, మైనస్ 1.25, ఆ దిశ చెప్పే యాక్సిస్ 180. ఎడమకన్ను మైనస్ 4.50, సిలిండర్ లేదు. కనుపాపల మధ్య దూరం, అంటే పీడీ, 62 మిల్లీమీటర్లు. ఏ కంపెనీ లెన్సులు కొనమంటావని అడిగావు. కంపెనీ సంగతి ఆఖరున తేల్చుకోవచ్చు, ముందు నీ రోజు ఎలా గడుస్తుందో చూసుకో. పది గంటలు కంప్యూటరు ముందు, పొద్దునా సాయంత్రం బండి మీద దుమ్ములో, వారానికి రెండుసార్లు ఈత. ఈ మూడింటికీ ఒక్క వస్తువు సరిపోదు.

లెన్సులొచ్చాక కళ్లజోడుతో పనేముందిలే అనుకుంటున్నట్టున్నావు. అక్కడే చాలామంది దెబ్బతింటారు. కన్ను ఎర్రబడిన రోజు పెట్టుకోవడానికి సరైన పవరున్న జోడు లేకపోతే, మంటగా ఉన్నా మళ్లీ లెన్సే పెట్టుకుంటారు. చిన్నది కాస్తా ముదురుతుంది. అందుకని ముందు జోడు చేయించుకో, లెన్సులు తర్వాత.

ఫ్రేము కాడ లోపలివైపు మూడు అంకెలుంటాయి. 52, 18, 140 అని ఉంటే అద్దం వెడల్పు 52 మిల్లీమీటర్లు, రెండద్దాల నడుమ ముక్కు మీద ఉండే ఎడం 18, కాడ పొడవు 140. మొదటి రెండూ కూడితే 70. నీ పీడీ 62. తేడా 8 గనక ఒక్కో అద్దం కేంద్రాన్ని 4 మిల్లీమీటర్లు ముక్కువైపు జరపాలి. మైనస్ అద్దం నడుమ పలచన, అంచున మందం. కేంద్రం ఎంత జరిగితే చెవివైపు అంచు అంత లావెక్కుతుంది. అదే 46, 18 ఫ్రేమైతే జరపాల్సింది ఒక్క మిల్లీమీటరే. కాబట్టి ముఖమంతా కప్పే పెద్ద ఫ్రేముల ముచ్చట నీ పవరుకి కుదరదు. చిన్నది, మూలలు గుండ్రంగా ఉన్నది, చుట్టూ పూర్తి అంచున్నది తీసుకో. అంచులేని ఫ్రేములో అద్దం మందమంతా బయటపడుతుంది. హెల్మెట్ కింద పెట్టుకుంటావు గనక కాడలు సన్నగా, తిన్నగా ఉంటే కణతల దగ్గర నొక్కవు.

అద్దం మెటీరియల్‌కి ఇండెక్స్ అని ఒక అంకె చెబుతారు, అది పెరిగేకొద్దీ అద్దం పలచనవుతుంది. మామూలు ప్లాస్టిక్‌ది 1.50. నీకు 1.67 సరిపోతుంది, ఫ్రేము చిన్నదైతే 1.60 అయినా తప్పులేదు. 1.74 కోసం ఎక్కువ డబ్బు పెడితే తగ్గేది కాస్త మందమే. పైగా ఇండెక్స్ పెరిగితే అద్దం వెలుగును ఎక్కువగా తిప్పికొడుతుంది, అందుకే యాంటీ రిఫ్లెక్షన్ పూత తప్పనిసరి. పాలీకార్బొనేట్ దెబ్బకి తట్టుకుంటుంది. పిల్లలకీ ఆటలాడేవాళ్లకీ అదే మంచిది. కానీ పవరెక్కువైతే దాని అంచుల్లోంచి చూసినప్పుడు అక్షరాల పక్కన రంగు గీతలు కనిపిస్తాయి.

తెర నుంచి వచ్చే నీలివెలుగును తగ్గించే బ్లూ కట్ పూత వేయించుకోమని నీకు తప్పకుండా చెబుతారు. కంటి అలసట తగ్గించడంలో దానివల్ల ఒరిగేదేమీ లేదని నా అభిప్రాయం. తెర ముందు కళ్లు లాగేది ఆ వెలుగు వల్ల కాదు, రెప్ప వేయడం తగ్గిపోవడం వల్ల, గంటల తరబడి దగ్గరికే చూడడం వల్ల. ఎండలో నల్లబడే ఫోటోక్రోమిక్ అద్దాలు ఎండలోని అల్ట్రావయొలెట్ (యూవీ) కిరణాలకి స్పందిస్తాయి. కారు ముందద్దం ఆ కిరణాల్ని చాలావరకు ఆపేస్తుంది గనక కారులో అవి సరిగా నల్లబడవు. లెన్సుల మీద పెట్టుకోవడానికి పవరు లేని చలవద్దాలు వేరే కొనుక్కో, వాటిమీద యూవీ 400 అని ఉందో లేదో చూడు. ఉత్త నలుపు రక్షణ కాదు. నల్లటి అద్దం వెనక కనుపాప పెద్దదవుతుంది, యూవీని ఆపే గుణం లేకపోతే హానే ఎక్కువ.

జోడు తెచ్చుకునే రోజు ముక్కు మీద గట్టిగా నిలిచేలా సరిచేయించుకో. జారి ముందుకొస్తే కంటికీ అద్దానికీ ఎడం పెరిగి మైనస్ పవరు తగ్గినట్టవుతుంది. దూరపు బోర్డులు మసకేస్తే పవరు పెరిగిందని కంగారుపడేవాళ్లలో కొందరికి నిజానికి వదులైంది ఫ్రేమే.

ఇక లెన్సులు. కళ్లజోడు చీటీ చూపించి లెన్సులు కొనేయకూడదు, వాటికి వేరే కొలతలుండాలి. అద్దం కంటికి సుమారు 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, లెన్స్ కంటిమీదే కూర్చుంటుంది. అందుకని 4.00 దాటిన పవర్లు మారతాయి. నీ ఎడమకంటి 4.50 లెన్స్‌లో 4.25 అవుతుంది, కుడికంటి 6.00 సుమారు 5.50. సిలిండర్ 1.25 కూడా కంటిమీదికొచ్చేసరికి ఒకటికి కాస్త ఎక్కువగా మిగులుతుంది. సిలిండర్ ఉన్న టోరిక్ లెన్సులు చాలావరకు 0.75, 1.25, 1.75, 2.25 మెట్లలో దొరుకుతాయి గనక నీకు 0.75 బాగుంటుందా, 1.25 బాగుంటుందా అన్నది పెట్టి చూస్తేగాని తేలదు.

టోరిక్‌కి ఇంకో పేచీ ఉంది. అది కంట్లో ఒకే దిశలో నిలవాలి. 10 డిగ్రీలు పక్కకి తిరిగితే సిలిండర్ పనిలో మూడోవంతు పోతుంది, 30 డిగ్రీలు తిరిగితే పెట్టుకున్నా లేనట్టే. లెన్స్ మీద సన్నని గీతలు ఉండేది అందుకే, యంత్రంలో చూసి ఎంత తిరిగిందో లెక్కగడతారు. రెప్ప వేసినప్పుడల్లా చూపు మారుతుంటే కుదరలేదని అర్థం, వేరే రకం అడుగు.

బేస్ కర్వ్, అంటే లెన్స్ లోపలి వంపు, డయామీటర్, అంటే దాని వెడల్పు, అని మరో రెండు కొలతలుంటాయి. మెత్తని లెన్సులకి సాధారణంగా మొదటిది 8.4 నుంచి 8.8, రెండోది 13.8 నుంచి 14.5 మిల్లీమీటర్ల మధ్య. ట్రయల్ లెన్స్ పెట్టి పావుగంటో ఇరవై నిమిషాలో ఆగి చూడాలి. వదులుగా ఉంటే పెట్టగానే అంచు గుచ్చుతుంది. బిగుతుగా ఉన్నది మాత్రం మోసం చేస్తుంది. పొద్దున హాయిగా ఉంటుంది, సాయంత్రానికి కన్ను ఎర్రబడి తెల్లగుడ్డు మీద వలయంలా గుర్తు పడుతుంది. కాబట్టి ట్రయల్ లెన్సుతో సాయంత్రం దాకా ఉండి అప్పుడు చెప్పు.

నీ రోజుకి నేను చెప్పేది డైలీ డిస్పోజబుల్, సిలికాన్ హైడ్రోజెల్ రకం. గాలి బాగా ఆడుతుంది, దుమ్ము పట్టింది రాత్రికి పారేస్తావు, డబ్బా కడిగే బాధ లేదు. నీటి శాతం ఎక్కువున్న లెన్స్ కంటిని తడిగా ఉంచుతుందని అంటారు, కానీ ఏసీ గదిలో త్వరగా ఆరిపోయేది ఎక్కువగా అదే. కళ్లు పొడిబారితే ప్రిజర్వేటివ్ లేని చుక్కలు వాడు. ఎరుపు తగ్గించే చుక్కలు లెన్స్ మీద వేయకు.

నెలరోజుల లెన్స్ కొంటే ఆ నెల పాకెట్ విప్పిన రోజు నుంచి మొదలవుతుంది. పదిసార్లే పెట్టుకున్నాను కదా అని రెండో నెలలోకి లాగకూడదు. రాత్రి తీశాక అరచేతిలో లెన్సులు శుభ్రంచేసే ద్రావణం పోసి ఒక్కో వైపు కనీసం పది సెకన్లు వేలితో రుద్ది, కడిగి, డబ్బాలో కొత్త ద్రావణంలో వేయి. నిన్నటిదానికి కాస్త కలిపితే క్రిములకి పాకం పట్టినట్టే. డబ్బాని ఆ ద్రావణంతోనే కడిగి, బోర్లించి ఆరబెట్టి, మూడు నెలలకోసారి మార్చు. హైడ్రోజన్ పెరాక్సైడ్ ద్రావణం దాని సొంత డబ్బాలో ఆరు గంటలుంటేనే దాని ఘాటు విరుగుతుంది, ముందే తీసి కంట్లో పెడితే నిప్పు పెట్టినట్టుంటుంది.

నీళ్లు మాత్రం లెన్స్ దగ్గరికి రానివ్వకు. కుళాయి నీళ్లు, స్నానం, ఈతకొలను, ఏదైనా సరే. నీళ్లలో ఉండే అకాంతమీబా అనే జీవి లెన్స్ కింద చేరితే కార్నియాని, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొరని, తినేస్తుంది, వైద్యం నెలల తరబడి సాగుతుంది. ఈతకి పవరున్న గాగుల్స్ దొరుకుతాయి. వాటిలో మామూలుగా సిలిండర్ ఉండదు గానీ నీళ్లలో ఆ చూపు చాలు. అలాగే లెన్స్‌తో నిద్రపోవద్దు, మధ్యాహ్నం కునుకైనా సరే.

పెట్టుకునేటప్పుడు చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా తుడుచుకో. తడివేలికి లెన్స్ అతుక్కుంటే కంటికి ఎక్కదు. వేలి కొనమీద నిలబెట్టి పక్కనుంచి చూడు. గిన్నెలా ఉంటే సరైన వైపు, అంచులు పళ్లెంలా బయటికి వాలితే తిరగబడింది. ఎప్పుడూ కుడికంటితోనే మొదలుపెట్టు, నీ రెండు పవర్లూ వేరు గనక తారుమారైతే తలనొప్పే. తీసేటప్పుడు పైకి చూస్తూ లెన్స్‌ని తెల్లగుడ్డు మీదికి దించి, గోళ్లు తగలకుండా వేళ్ల మెత్తలతో నొక్కి తీయి. కాటుక, మేకప్ లెన్స్ పెట్టుకున్నాక వేసుకో, లెన్స్ తీశాకే తుడుచుకో. మొదటి రోజు నాలుగు గంటలు చాలు, రోజుకో గంటా రెండు గంటలూ పెంచుకుంటూ పో.

రంగు లెన్సులు పవరు లేకుండా అందం కోసమైనా ఈ కొలతలన్నీ తీయించుకునే కొనాలి. స్నేహితురాలివి మార్చుకోవడం అసలు వద్దు.

కన్ను ఎర్రబడి నొప్పి, వెలుగు చూడలేకపోవడం, మసక, ఇవేవి కనిపించినా లెన్స్ తీసేయి. రేపటికి తగ్గుతుందిలే అని ఆగకు, కంటికి కట్టు కట్టకు, అదేరోజు డాక్టరు దగ్గరికి వెళ్లు. తీసిన లెన్స్‌నీ డబ్బానీ పారేయకుండా వెంట తీసుకెళ్లు. క్రిమి ఏదో వాటినుంచి పట్టుకోగలరు.

ట్రయల్ అయ్యాక బేస్ కర్వ్, డయామీటర్, పవరు, లెన్స్ పేరు నాలుగూ చీటీ మీద రాయించుకుని ఫోటో తీసి పంపు. సాయంత్రానికి కన్ను ఎలా ఉందో కూడా రాయి, చూసి చెబుతాను.

మీ బాబాయి