ఎడిన్‌బరాలో పెద్దవాళ్ళతో మూడు రోజులు: ఎక్కకండి, దిగండి

మీరడిగింది ఇది కదా: అక్టోబరులో అమ్మానాన్నలు ఇండియా నుంచి వస్తున్నారు, లండన్ నుంచి మూడు రోజులు ఎడిన్‌బరా తీసుకెళ్దామనుకుంటున్నారు, కోట, ప్యాలెస్, మేరీ కింగ్స్ క్లోజ్, స్టిర్లింగ్, ఇంకా వీలైతే హైలాండ్స్ బస్ టూర్, వీటిలో ఏది ఉంచాలి ఏది తీసేయాలి అని. నేను గ్లాస్గో పక్కనే ఉంటాను, రెండేళ్ళ కిందట అచ్చం ఇదే ప్లాన్‌తో మా వాళ్ళని తిప్పి మొదటి రోజే చేతులు కాల్చుకున్నాను, కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తాను.

ముందు హైలాండ్స్ టూర్ తీసేయండి. పొద్దున ఎనిమిదికి బస్సెక్కి రాత్రి ఎనిమిదికి దిగడం, మధ్యలో వాన, మోకాళ్ళ నొప్పి, దారిలో బాత్రూమ్ టెన్షన్. మూడు రోజుల్లో ఒక రోజు దానికి పోతే ఇక ఊరు చూసేదెప్పుడు?

ఎడిన్‌బరా గురించి ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటుంది, అది అంతస్తుల ఊరు. మ్యాప్‌లో రెండు రోడ్లు కలుస్తున్నట్టు కనిపిస్తాయి, అక్కడికెళ్ళి చూస్తే ఒకటి ఇంకోదాని నెత్తి మీదుగా వంతెనలా పోతుంటుంది. కౌగేట్ అనే వీధి, జార్జ్ ఫోర్త్ బ్రిడ్జ్ అనే రోడ్డు ఇలాంటివే. నేను స్టేషన్ నుంచి 300 మీటర్లే కదా అని ఒక బస బుక్ చేశాను, చూస్తే ఆ 300 మీటర్లూ రెండు గోడల మధ్య నిటారుగా ఎక్కే మెట్ల సందు. చేతిలో రెండు పెద్ద సూట్‌కేసులు, వెనకాల మా నాన్న, సన్నగా చినుకులు. అమ్మ ఒక్క మాటే అంది, "తిరుపతి కొండ ఎక్కినా పుణ్యమన్నా వచ్చేది నాయనా". అందుకని బస ప్రిన్సెస్ స్ట్రీట్ వైపు, న్యూ టౌన్‌లో తీసుకోండి, అటువైపు వీధులు ఓ లెక్క ప్రకారం సాఫీగా ఉంటాయి. 1767లో జేమ్స్ క్రెయిగ్ అనే కుర్రాడు గీసిన ప్లాన్ ప్రకారం కట్టిన పేట అది. వేవర్లీ స్టేషన్ పాత ఊరికీ కొత్త ఊరికీ మధ్య పల్లంలో ఉంటుంది, బయటికి రావడానికి లిఫ్టులున్నాయి, సామాన్లతో మెట్ల జోలికి వెళ్ళకండి. లండన్ కింగ్స్ క్రాస్ నుంచి రైలు దాదాపు నాలుగున్నర గంటలు, వచ్చేటప్పుడు కుడి వైపు కిటికీ సీట్లు తీసుకుంటే బెరిక్ దగ్గర నుంచి సముద్రం పక్కనే వస్తుంది.

ఇక అసలు సూత్రం, పొద్దున్నే టాక్సీలో పైకి వెళ్ళి రోజంతా కిందికి దిగుతూ రావడం. రాయల్ మైల్ అంటారే, అది కోట దగ్గర మొదలై హోలీరూడ్ ప్యాలెస్ దాకా సుమారు 1.8 కిలోమీటర్లు ఒకే వాలు. మేం మొదటి రోజు తెలివితక్కువగా కింద ప్యాలెస్ నుంచి మొదలుపెట్టి ఎక్కుతూ వెళ్ళాం, కోట చేరేసరికి మూడయింది, నాన్న గేటు దగ్గర బెంచీ మీద కూలబడి "నువ్వెళ్ళి చూసి రా, ఫోటోలు చూస్తాలే" అన్నాడు. కోట టికెట్లు నాలుగు! గుండె చివుక్కుమంది. మర్నాడు సెయింట్ జైల్స్ దగ్గర ఆయన అన్న మాట ఇంకా గుర్తుంది, "అదేందిరా, ఈ ఊరు కిందికి దిగేటప్పుడు బాగుందే".

కోట టికెట్ ఆన్‌లైన్‌లోనే, టైమ్ స్లాట్‌తో తీసుకోండి, గేటు దగ్గర కన్నా తక్కువ పడుతుంది, పైగా సెలవు రోజుల్లో గేటు దగ్గర దొరక్కపోవచ్చు. పదిన్నర, పదకొండు మధ్య స్లాట్ అయితే ఒంటిగంటకి పేల్చే ఫిరంగి దాకా అక్కడే ఉండొచ్చు. లోపల కూడా ఎక్కుడే, రాళ్ళు పరిచిన దారి, తడిస్తే జారుతుంది. నడవలేనివాళ్ళ కోసం పైదాకా తీసుకెళ్ళే చిన్న బండి ఒకటి ఉంటుంది, మొహమాటపడకుండా గేటు దగ్గర అడగండి, మాకు ఆ సంగతి తెలిసేసరికి ఆలస్యమైంది. లోపల అన్నీ చూడక్కర్లేదు. సెయింట్ మార్గరెట్ చాపెల్ అని చిన్న రాతి గది ఉంది, సుమారు 1130లో డేవిడ్ రాజు తల్లి పేరు మీద కట్టించింది, ఊళ్ళో మిగిలిన కట్టడాలన్నిటిలోకీ అదే పాతది, ఇరవై మంది పడితే ఎక్కువ. దాని బయటే మాన్స్ మెగ్ అనే పెద్ద ఫిరంగి, 1449లో చేసింది, సుమారు 150 కిలోల రాతి గుండు పేల్చేది. తర్వాత కిరీటం. దాని కథ మీ వాళ్ళకి ముందే చెప్పి తీసుకెళ్ళండి, లేకపోతే అదో గాజుపెట్టెలో నగ అంతే: 1707లో స్కాట్లాండ్ ఇంగ్లాండ్‌తో కలిసిపోయాక కిరీటం, రాజదండం, కత్తి మూడూ ఓ పెట్టెలో పెట్టి గదికి తాళం వేశారు, నూరేళ్ళు దాటేసరికి అవి ఉన్నాయో పోయాయో కూడా ఎవరికీ తెలియదు, 1818లో రచయిత వాల్టర్ స్కాట్ అనుమతి తెచ్చుకుని పెట్టె పగలగొట్టిస్తే చెక్కుచెదరకుండా ఉన్నాయి. పాత గైడ్లలో రాసిన పట్టాభిషేక శిల మాత్రం ఇప్పుడక్కడ లేదు, 2024లో పెర్త్ మ్యూజియానికి మార్చారు, దాని కోసం వెతక్కండి.

ఒంటిగంట ఫిరంగి ఆదివారాలు పేల్చరు. 1861 నుంచి సాగుతోంది, లీత్ రేవులో ఓడలు గడియారాలు సరిచేసుకోవడానికి మొదలుపెట్టారు. పన్నెండింటికి పేలిస్తే పన్నెండు గుండ్లు ఖర్చు, ఒంటిగంటకైతే ఒకటే అని అక్కడివాళ్ళే తమ పిసినారితనం మీద జోకు వేసుకుంటారు.

కోట నుంచి దిగుతూ సెయింట్ జైల్స్ చర్చి (ప్రవేశం ఉచితం, వీలైతే విరాళం), అందులో థిసిల్ చాపెల్ అనే మూలగదిలో చెక్కపని చూడండి, బ్యాగ్‌పైప్ వాయిస్తున్న దేవదూత ఒకడు ఉంటాడు, పిల్లలుంటే వెతకమనండి. చర్చి బయట నేల మీద రాళ్ళతో గుండె ఆకారం ఉంటుంది, పాత జైలు ఉన్న చోటు, జనం దాని మీద ఉమ్మి పోతుంటారు, అదొక ఆనవాయితీ. అమ్మ అనుకోకుండా దాని మీద నిలబడి ఫోటోకి పోజిచ్చింది. మీ వాళ్ళని కాస్త పక్కకి జరపండి.

మేరీ కింగ్స్ క్లోజ్ మీరు ఒక్కరే వెళ్ళండి, పెద్దవాళ్ళని కాఫీ షాపులో కూర్చోబెట్టి. బాగుంటుంది, నిజంగా బాగుంటుంది, పాత సందుల్లో ఇళ్ళ పైభాగాలు కొట్టేసి వాటి మీద 1753 తర్వాత కొత్త భవనం లేపారు, కింద ఆ ఇళ్ళు, 1645 ప్లేగు నాటి వీధి అలాగే ఉండిపోయాయి. కానీ గంటసేపు చీకట్లో ఎగుడుదిగుడు నేల మీద గుంపుతో పాటు కదలాలి, కూర్చోవడానికి ఉండదు.

హోలీరూడ్ ప్యాలెస్ గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. స్కాట్లాండ్ రాణి మేరీ కథ తెలిసినవాళ్ళకి అది బంగారం, 1566 మార్చిలో గర్భవతిగా ఉన్న ఆమె కళ్ళెదుటే కార్యదర్శి రిజియోని లాక్కెళ్ళి పొడిచి చంపారు, ఆ గదులు చూడొచ్చు. తెలియనివాళ్ళకి కుర్చీలు, పరదాలు, మళ్ళీ కుర్చీలు. మైసూరు ప్యాలెస్ చూసిన కళ్ళకి ఆనదు. పక్కనే పైకప్పు కూలిపోయిన అబ్బే (పాత క్రైస్తవ మఠం) ఒక్కటే మా వాళ్ళకి నచ్చింది. వారంలో కొన్ని రోజులు మూసి ఉంటుంది కూడా, వెబ్‌సైట్ చూసుకోండి. కోటా ప్యాలెసూ రెండిటికీ డబ్బు పెట్టొద్దు, ఒకటి చాలు, అది కోట.

రెండో రోజు వాన పడే రోజుకి ఉంచుకోండి, అంటే ఏ రోజైనా. చేంబర్స్ స్ట్రీట్‌లో నేషనల్ మ్యూజియం, ఉచితం, లిఫ్టులున్నాయి, కావలసినంత కూర్చోవచ్చు. క్లోనింగ్‌తో పుట్టిన డాలీ గొర్రె బొమ్మలా అక్కడే గాజుపెట్టెలో తిరుగుతుంటుంది. దానికన్నా నాకు లూయిస్ దీవిలో దొరికిన చదరంగం పావులు ఇష్టం, వాల్రస్ దంతంతో చెక్కినవి, ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళ నాటివి. మొత్తం దొరికిన పావుల్లో పదకొండే ఇక్కడున్నాయి, చాలావరకు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో రాణులు చెంపకి చెయ్యి ఆనించుకుని "ఏం చేద్దాం మన ఖర్మ" అన్నట్టు కూర్చుంటారు, అమ్మ వాళ్ళ ముందు చాలాసేపు నిలబడింది. ఆ లూయిస్ దీవి పేరు వినగానే నాన్న ఆగాడు. మన ఊళ్ళ కైఫీయతులు (ఊళ్ళ చరిత్రలు) రాయించిన కల్నల్ మెకంజీ ఆ దీవిలోని స్టోర్నవేలోనే పుట్టాడు, అమరావతి స్తూపం గురించి బయటి ప్రపంచానికి తెలిసింది ఆయన వల్లే. అప్పటిదాకా ఆవలిస్తున్న మనిషి అక్కణ్ణుంచి ప్రతి బోర్డూ చదవడం మొదలుపెట్టాడు.

ఎండ కాస్తే కాల్టన్ హిల్‌కి టాక్సీలో వెళ్ళండి, కాసిని మెట్లే. ఏథెన్స్ పార్థెనాన్‌లా కడదామని 1826లో మొదలుపెట్టి 1829లో డబ్బుల్లేక ఆపేసిన పన్నెండు స్తంభాలు ఉంటాయి, ఇప్పటికీ అలాగే ఉంచారు. "మన పంచాయతీ కల్యాణ మండపం గుర్తొస్తాంది" అన్నాడు నాన్న. స్కాట్ మాన్యుమెంట్ 287 మెట్లు, కింది నుంచే నమస్కారం పెట్టేయండి. సాయంత్రం ఓపికుంటే ట్రామ్‌లో ఓషన్ టెర్మినల్ వెళ్ళి రాజకుటుంబం వాడిన బ్రిటానియా ఓడ చూడొచ్చు (ఆఖరి ప్రవేశం టైమ్ చూసుకుని), అమ్మకి అందులో రాణిగారి గదికన్నా బట్టలుతికే గది నచ్చింది.

మూడో రోజుకి మీరు స్టిర్లింగ్ అనుకుంటున్నారు. కోట గొప్పదే కానీ మళ్ళీ కొండ, వాలస్ మాన్యుమెంట్ అయితే 246 మెట్లు, లిఫ్టు లేదు. దాని బదులు గ్లాస్గో రండి. ఇక్కడుంటాను కాబట్టి చెప్పడం లేదు (సరే, కొంచెం అందుకే). రైలు యాభై నిమిషాలు, పగలంతా పావుగంటకొకటి.

మాది గుత్తి. థామస్ మన్రో పేరు మా ఇంట్లో పిల్లలకి కూడా తెలుసు, 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల (అంటే మన రాయలసీమ వైపు) కలెక్టరు, మనవాళ్ళు పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకునేంత మంచిపేరు తెచ్చుకున్నాడు, తర్వాత మద్రాసు గవర్నరై, 1827లో పత్తికొండలో కలరాతో పోతే ముందు సమాధి చేసింది మా గుత్తిలోనే. ఆయన పుట్టింది 1761లో గ్లాస్గోలో. నాన్నకి ఈ మాట రైల్లో చెప్పాను, "మన మన్రోలప్ప ఈ ఊరోడా!" అని సీట్లోంచి లేచి కూర్చున్నాడు. వాళ్ళ నాన్న వర్జీనియా పొగాకు వ్యాపారి, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో దివాలా తీశాడు, కొడుకు కంపెనీ సైన్యంలో చేరి 1780లో మద్రాసులో దిగాడు. క్వీన్ స్ట్రీట్ స్టేషన్ నుంచి నాలుగడుగులు వేస్తే మోడర్న్ ఆర్ట్ గ్యాలరీ, అది అలాంటి ఒక పొగాకు షావుకారు 1778లో కట్టుకున్న మేడే. ఆ డబ్బు వెనక బానిసల చెమట ఉందని కూడా మీ వాళ్ళకి చెప్పండి, మేడ చూసి మురిసిపోవడం ఒక్కటే సరిపోదు. దాని ముందు గుర్రం మీద సేనాని వెల్లింగ్టన్ విగ్రహం, నెత్తిన ట్రాఫిక్ కోన్. తీసేసినకొద్దీ ఎవరో ఒకరు ఎక్కి పెడుతుంటారు. టిప్పు మీద యుద్ధంలో మన్రో, వెల్లింగ్టన్ ఇద్దరూ ఉన్నారు, మిత్రులు కూడా.

అక్కణ్ణుంచి క్యాథెడ్రల్ (ఉచితం, కింద సెయింట్ మంగో అనే సాధువు సమాధి ఉన్న స్తంభాల గది వదలొద్దు), తర్వాత సబ్‌వేలో హిల్‌హెడ్ వెళ్ళి యూనివర్సిటీ. మన్రో చదివిన పాత కాలేజీ హై స్ట్రీట్‌లో ఉండేది, దాన్ని రైల్వేకి అమ్మేసి 1870లో ఇటు వచ్చేశారు, కానీ అక్కడి 1690 నాటి సింహం, యూనికార్న్ మెట్లు విప్పి తెచ్చి ఇక్కడ మళ్ళీ పెట్టారు. ఆ మూడు రోజుల్లో మా నాన్న అడక్కుండా ఎక్కిన మెట్లు అవే.

చివరగా కెల్విన్‌గ్రోవ్ మ్యూజియం, వాలు దిగితే అక్కడే, ఉచితం. ఒంటిగంటకి లోపలి పెద్ద ఆర్గాన్ వాయిస్తారు, ఆదివారమైతే మూడింటికి. 2022 ఆగస్టులో ఏడు వస్తువులు ఇండియాకి తిరిగి ఇచ్చేస్తామని ఇక్కడే సంతకాలు చేశారు, అందులో ఒకటి 1905లో హైదరాబాద్ నిజాం ఖజానా నుంచి దొంగతనంగా బయటికొచ్చిన కత్తి.

ఇంకో రెండు మాటలు. అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి, ఆ తర్వాతైతే ఐదు లోపే చీకటి, ప్లాన్ పొద్దున్నుంచే పెట్టుకోండి. గొడుగు తేవద్దు, ఆ గాలికి తిరగబడి పోతుంది, టోపీ ఉన్న రెయిన్ జాకెట్లు కొనండి. తిండికి ఇబ్బందేం లేదు, వెజ్ హ్యాగిస్ అని పప్పులు, ఓట్స్‌తో చేస్తారు, మిరియాల ఘాటుతో మనవాళ్ళకి బాగానే ఎక్కుతుంది. ఇంటి నుంచి పులిహోర కట్టుకెళ్తే మాత్రం ప్రిన్సెస్ స్ట్రీట్ గార్డెన్స్‌లో బెంచీ మీద విప్పకండి, సీగల్స్ ఉంటాయి. మా అమ్మ చేతిలో వడియం ఉన్నట్టుండి మాయమైంది.