ఇంటూ గుర్తుల వెనక

తమ్ముడూ,

జపాన్ సామ్రాజ్యం మీద రాయాలనుకుంటున్నావని తెలిసి చాలా సంతోషం. 1895లో తైవాన్ చేజిక్కినప్పటి నుంచి 1945లో ఓడిపోయేదాకా యాభై ఏళ్ల కథ అది. అంతా ఒకేసారి తలకెత్తుకోకు. ఒక ఊరు, ఒక పదేళ్లు పట్టుకో.

ముందు లెక్కలు సరిచూసుకో. జపాన్ పత్రాల్లో ఏళ్లను చక్రవర్తుల పాలనాకాలాల పేర్లతో లెక్కిస్తారు. వాటిని మన ఏళ్లలోకి మార్చాలంటే మెయిజీ ఏడాదికి 1867, తైషోకి 1911, షోవాకి 1925 కలపాలి. మన విశాఖ, కాకినాడల మీద 1942 ఏప్రిల్ 6న పడ్డ బాంబుల సంగతి వెతకాలంటే షోవా 17 నౌకాదళ పత్రాలతో మొదలుపెట్టాలి. ఊళ్ల పేర్లూ మారతాయి: సియోల్ అప్పట్లో ‘కెయిజో’. ‘దేశం’ అనే అక్షరానికి పాత రూపంలో 11 గీతలు, ఇప్పుడు 8. రెండు రూపాలతోనూ వెతుకు, లేకపోతే దొరకాల్సినవి జారిపోతాయి. టోక్యోలోని ఆసియా చారిత్రక రికార్డుల కేంద్రం 2001 నుంచి సైన్య, నౌకాదళ, విదేశాంగ పత్రాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా చూపిస్తోంది. అయితే 1945 ఆగస్టులో ఆఫీసుల ముందు కాగితాలు కుప్పలుగా తగలబెట్టారు. ఏదైనా సంఘటనకు కాగితం దొరకలేదు కాబట్టి అది జరగనే లేదని మాత్రం రాయకు.

నువ్వు ఎక్కువసేపు ఆగాల్సింది పత్రికల దగ్గర. 1920లు, 30ల నాటి మాసపత్రిక తెరిస్తే వాక్యం మధ్యలో ‘××’ కనిపిస్తుంది. అచ్చయ్యాక హోంశాఖ నిషేధిస్తే సంచిక మొత్తం నష్టం. అందుకే సంపాదకులే ముందుగా మాటలు తీసి గుర్తులు పెట్టేవారు. తరచుగా అక్షరానికొక గుర్తు. ‘విప్లవం’ అన్న మాటకు జపనీస్‌లో రెండక్షరాలే, కాబట్టి రెండు గుర్తులున్న చోట అదే ఉండొచ్చు. ‘చక్రవర్తి’ అన్నా రెండే! చుట్టూ ఉన్న వాక్యాలు చదవకుండా తేల్చేయకు. తర్వాతి పునర్ముద్రణల్లో ఈ ఖాళీలు నింపేస్తారు, కొన్నిచోట్ల కేవలం ఊహతో. అందుకని తొలి ముద్రణే చూడాలి.

ఓటమి తర్వాత వచ్చిన సంచికల్లో ఆ గుర్తులుండవు. స్వేచ్ఛ వచ్చిందని చాలామంది పొరబడేది ఇక్కడే. కోత కోసిన జాడ కూడా కనపడకూడదన్నది జపాన్‌ను ఆక్రమించిన అమెరికా నేతృత్వంలోని సేనల సెన్సార్ షరతు. పేజీ శుభ్రంగా ఉంటుంది, మాట మాత్రం మాయం. 1945–49 మధ్య సెన్సార్‌కు పంపిన ప్రూఫులు మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలోని ప్రాంగే సేకరణలో ఉన్నాయి. అచ్చు ప్రతిని వాటి పక్కన పెట్టి, వాక్యానికి వాక్యం పోల్చు.

ఉటంకించేటప్పుడు ఇంటూ గుర్తుల్ని ఉన్నవున్నట్టే ఉంచు. నీ ఊహను పక్కన బ్రాకెట్లో రాసి, ఎందుకలా అనుకున్నావో కిందనే చెప్పు.

నీ
అన్నయ్య