కొనే ముందు రింగు తిప్పి చూడు

తిరుపతి

చిరంజీవి చిన్నోడికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

మే నెలలో గంగమ్మ జాతరకు వస్తున్నావనీ, నీ సోనీ కెమెరాకు చేత్తో ఫోకస్ చేసే పాత మాన్యువల్ లెన్సు కొనాలనుకుంటున్నావనీ మీ నాన్న చెప్పాడు. హీలియోస్ 44-2, సూపర్ టాకుమార్ 55 ఎం.ఎం., నికాన్ వాళ్ళ నిక్కార్ ఏఐ 50 ఎం.ఎం., ఈ మూడింట్లో ఏది షార్ప్ అని అడిగావు. అపర్చర్‌ను, అంటే వెలుతురు వచ్చే కన్నాన్ని, ఎఫ్/8 దాకా చిన్నది చేస్తే నువ్వు కనిపెట్టేంత తేడా ఉండదు నాయనా. తేడా అంతా చేతికే తెలుస్తుంది.

లెన్సు పట్టుకోగానే కళ్ళు మూసుకుని ఫోకస్ రింగును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పు. మొదట్లో, మధ్యలో, చివర్లో ఒకే బరువుండాలి. గరగరమనకూడదు, ఎక్కడా పట్టేయకూడదు. తర్వాత రింగును అటూ ఇటూ కొద్దిగా కదుపు. రింగు కదిలినా లోపలి గొట్టం కదలకపోతే మర వదులైనట్టే.

మరీ తేలిగ్గా తిరిగినా నమ్మకు. వెనకటికి చెన్నైలో ఒక సెకండ్‌హ్యాండ్ లెన్సు అలా తిరుగుతోందని మురిసిపోయి కొన్నాను. పాత గ్రీజు గట్టిపడితే, దాన్ని కడగకుండా ఎవరో పల్చటి నూనె పోశారు. మన ఎండకు ఆ నూనె కారి అపర్చర్‌ను మూసి తెరిచే రేకులకు అంటుకుంది. క్లిక్ కొట్టినప్పుడు రేకులు టైముకు మూసుకోలేదు, వెలుతురు ఎక్కువై ఒక పెళ్ళి రీలు సగం తెల్లగా పోయింది. తలంబ్రాలు మళ్ళీ పోయించలేం కదా. పెళ్ళికూతురి తండ్రి ముఖం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

అందుకే అపర్చర్‌ను ఎఫ్/16లో పెట్టి, నిక్కార్ వెనకున్న చిన్న మీటను నొక్కి వదులు. రేకులు టక్కున మూసుకోవాలి. వాటి మీద నూనె మెరుపు కనిపిస్తే వద్దు. టాకుమార్‌కు మీట బదులు పిన్ను ఉంటుంది. ఆటోలో పెట్టి దాన్ని నొక్కితే మూసుకోవాలి.

చేతికి సుఖం అంటే నా ఓటు టాకుమార్‌కే. రింగు మొత్తం లోహమే, దాని మీద లోతైన గాట్లు ఉంటాయి. మంచి పీసు దొరికితే, ముదురుతున్న పాకంలో గరిటె తిరిగినట్టు తిరుగుతుంది. హీలియోస్ కూడా గట్టిదే కానీ పీసు పీసుకీ తేడా. ముందువైపు అపర్చర్‌కు రెండు రింగులుంటాయి, ఒకటి హద్దు పెడుతుంది, రెండోది క్లిక్కుల్లేకుండా జారుతుంది. వీడియోకు బాగుంటుంది, జనం తోపులాటలో మాత్రం ఏ రింగు పట్టుకున్నావో తెలియదు.

జాతరకైతే నిక్కార్ కొను. రబ్బరు పట్టు ఉంది కాబట్టి చెమట చేతికి జారదు, అపర్చర్ రింగు ఒక్కో స్టాపుకూ, అంటే ఒక్కో ఎఫ్ అంకెకూ, స్పష్టంగా క్లిక్‌మంటుంది. చూడకుండానే లెక్కపెట్టుకోవచ్చు. నికాన్ వాళ్ళదే చవక రకం సిరీస్ ఈ 50 చూపించి నిక్కార్ ధర చెబుతారు, జాగ్రత్త. దాని తయారీలో ప్లాస్టిక్ ఎక్కువ. ఇంకో మాట, నికాన్ రింగు తిరిగే దిక్కుకు కెనాన్ రింగు ఎదురు తిరుగుతుంది. రెండూ కలిపి వాడితే తొందరలో చెయ్యి తడబడుతుంది, ఒక దిక్కుకే అలవాటు పడు.

పాత లెన్సును నీ కెమెరాకు తగిలించే అడాప్టర్ దగ్గర పిసినారితనం వద్దు. నికాన్ మౌంట్ (లెన్సు బిగించే చోటు) నుంచి ఫిల్ముకు 46.5 మిల్లీమీటర్లు, నీ సోనీలో సెన్సారుకు 18. మిగతా 28.5 మిల్లీమీటర్లూ అడాప్టరే నింపాలి. అది వదులుగా ఉంటే తప్పు లెన్సు మీదికి పోతుంది.

జాతరలో బండ వేషం రోజు ఒళ్ళంతా కుంకుమ పూసుకున్నవాళ్ళు మీదికే వచ్చేస్తారు, ఫోకస్ చేసే టైము ఉండదు. ఎఫ్/8లో పెట్టి, దూరం మూడు మీటర్ల దగ్గర ఆపేయి. సుమారు రెండున్నర నుంచి నాలుగు మీటర్ల దాకా స్పష్టంగా పడుతుంది. ఇంటికి రాగానే మెత్తటి బ్రష్‌తో రింగుల సందుల్లోని కుంకుమ దులుపు, తడిబట్ట పెట్టకు.

డబ్బులిచ్చే ముందు నాకు ఫోన్ చెయ్యి. లెన్సును ఫోన్ దగ్గర పెట్టి రింగు నెమ్మదిగా తిప్పు, గరగర ఉంటే నాకు వినబడుతుంది.

ఇట్లు,
మీ పెదనాన్న