అమరుడి స్తూపం ఒరగకుండా ఉండాలంటే?

ప్రశ్న: కార్గిల్ యుద్ధంలో అసువులు బాసిన మా ఊరి కుర్రాడికి కాలవగట్టు మీద కట్టిన స్తూపం ఓ పక్కకి ఒరిగింది. పేరూ చెరిగిపోయింది. జులై 26న కార్గిల్ విజయ్ దివస్‌కి కొత్తది ఎలా కట్టాలి? – ఓ పాఠకుడు, రాజోలు

జవాబు: తప్పు నేలది. నల్లరేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. అడుగున్నర పునాది దాంతోపాటే కదులుతుంది. కాలవలు కట్టేసిన మే నెలలోనే 5 అడుగులు తవ్వించండి, నీళ్లు వదిలాక గోతిలో ఊట పడుతుంది. అడుగున ఇసుక తడిపి దిమ్మిస కొట్టించి, పైన కాంక్రీటు బెడ్డు వేయాలి. తవ్విన రేగడినే మళ్లీ పూడ్చారో, కథ మొదటికే! గ్రావెలు వాడండి.

గట్టు మీద వద్దు, అది జలవనరుల శాఖది. రోడ్డు పక్కనా కుదరదు, 2013లో సుప్రీంకోర్టు వద్దంది. పంచాయతీ స్థలంలో, తీర్మానం చేయించి కట్టండి.

పాలరాయికి మన తేమలో పాచి పడుతుంది. నల్ల గ్రానైటు మీద అక్షరాలు 3 మిల్లీమీటర్ల లోతు చెక్కిస్తే, రంగు పోయినా వేలితో తడిమి పేరు చదవొచ్చు. పలకకి ఇనుప మేకులు వద్దు. ఉప్పుగాలికి తుప్పుపట్టి ఉబ్బి రాయిని చీలుస్తాయి. స్టెయిన్‌లెస్ స్టీలువే వాడండి.

సర్వీసు నంబరు, హోదా, రెజిమెంటు సైన్యం ఇచ్చిన కాగితం చూసే రాయాలి. ఆ నమూనా ఇంట్లోవాళ్లకి చదివి వినిపించాకే రాతి మీద ఉలి పెట్టనివ్వండి.