ట్రయల్స్ రైడర్ అవుతానన్న మా అల్లుడికి

అల్లుడా,

నీ మెసేజ్ చదివిన. దానికంటే ముందే మీ అమ్మ ఫోన్ చేసి "వాణ్ని నువ్వే చెడగొడుతున్నావు అన్నా" అని గట్టిగా అన్నది. అందుకని ఈ ఉత్తరం ఆమెకు కూడా చదివి వినిపించు. ఫోన్లో చెప్తే నువ్వు సగమే వింటావు.

డిప్లొమా అయిపోయింది, జడ్చర్ల దగ్గర కంపెనీలో ఉద్యోగం చేతికొచ్చేట్టుంది. అది వదిలేసి రెండేళ్ళు ట్రయల్స్ (కాలు కింద పెట్టకుండా రాళ్ళ మీదుగా మోటార్ సైకిల్ నడిపే ఆట) మీదనే ఉంటా, బయటి దేశం నుంచి బండి తెప్పించుకుంటా అంటున్నావు. నా మాట ఇది: ఉద్యోగంలో చేరు. ట్రయల్స్ కూడా మొదలుపెట్టు. బండి మాత్రం ఇప్పుడే కొనకు.

ఎందుకంటే, నువ్వు చూసే వీడియోల్లో ఉన్న స్పెయిన్ రైడర్ టోనీ బౌ 2007 నుంచి 2024 దాకా ప్రతి సంవత్సరం ప్రపంచ ఔట్‌డోర్ టైటిల్, ఇండోర్ టైటిల్ రెండూ గెలిచాడు. మొత్తం 36. పద్దెనిమిదేళ్ళు మిగతావాళ్ళంతా రెండో స్థానం కోసమే కొట్లాడుకున్నారు. కంపెనీ జీతం తీసుకుని ఈ ఆట మీదనే బతికేవాళ్ళు ప్రపంచంలోనే కొద్దిమంది. వాళ్ళలో ఎక్కువమంది స్పెయిన్, ఇంగ్లండ్, ఇటలీ, జపాన్ లాంటి చోట్ల చిన్నప్పటి నుంచే క్లబ్బుల్లో పెరిగినవాళ్ళు. జపాన్‌కు చెందిన ఫుజినామి ఏళ్ళ తరబడి వరసగా రెండో స్థానంలోనే ఉండి, 2004లో గాని ప్రపంచ విజేత కాలేదు. 2021లో ఆట మానేసి తను ఆడిన హోండా టీమ్‌కే మేనేజర్ అయ్యాడు. అంత పట్టు నీకుందా అని అడగను, ఉందనే అనుకుంటున్నా. కానీ అతని చుట్టూ ఒక దేశం, ఒక కంపెనీ ఉన్నాయి. నీ చుట్టూ నేనూ, నా షెడ్డూ ఉన్నాం.

మన దేశంలో మోటార్ స్పోర్ట్స్‌ను చూసేది ఎఫ్‌ఎంఎస్‌సీఐ అనే జాతీయ సంఘం. సూపర్‌క్రాస్ (మట్టి దిబ్బల మీద దూకుతూ పోయే రేసు), ర్యాలీ, డ్రాగ్ రేసులకు జాతీయ పోటీలున్నాయి, 2024లో సూపర్‌క్రాస్ లీగ్ కూడా వచ్చింది. ట్రయల్స్‌కు అంత సందడి లేదు. ఇది విని నీరసపడకు, అసలు సంగతి ఇక్కడే ఉంది. ట్రయల్స్ నేర్చినవాడు రాళ్ళలో, ఇసుకలో, బురదలో ఏ బండినైనా మిగతావాళ్ళ కంటే బాగా నడుపుతాడు. స్పెయిన్ అమ్మాయి లయా సాంజ్ మహిళల ట్రయల్స్‌లో ఎన్నోసార్లు ప్రపంచ విజేత. ఆమె ఎడారుల్లో రోజుల తరబడి సాగే డకార్ ర్యాలీలో 2015లో మగవాళ్ళతో కలిసి ఆడి తొమ్మిదో స్థానంలో నిలిచింది. మన సి.ఎస్. సంతోష్ డకార్ పూర్తి చేసిన మొదటి భారతీయుడైంది కూడా ఆ ఏడే. పోలండ్ వాడు టాడీ బ్లాజుసియాక్ ట్రయల్స్ నుంచే హార్డ్ ఎండ్యూరోకు (కొండల్లో, రాళ్ళ దారుల్లో సాగే రేసులకు) వెళ్ళి, ఆస్ట్రియాలో జరిగే ఎర్జ్‌బర్గ్ పోటీని 2007 నుంచి వరసగా ఐదుసార్లు గెలిచాడు. మన దగ్గర ర్యాలీకి టీములున్నాయి, జీతాలున్నాయి. కేరళ కుర్రాడు హరిత్ నోవా 2024 డకార్‌లో ర్యాలీ-2 తరగతి (అన్నిటికంటే పై తరగతికి ఒక మెట్టు కిందిది) గెలిచాడు. కాబట్టి ట్రయల్స్‌ను నీ చదువు అనుకో, ర్యాలీనో ఎండ్యూరోనో కొలువు అనుకో. నేను బెంగళూరులో ఒక టీమ్‌కు మెకానిక్‌గా ఉన్నప్పుడు మా రైడర్లకు నేర్పడానికి బయటి నుంచి ఒకాయన వచ్చాడు. వారమంతా వాళ్ళను స్పీడు ఊసే ఎత్తనివ్వలేదు. కట్టెముక్క మీద ముందు చక్రం పెట్టి నిలబడమన్నాడు, అంతే. పెద్ద రేసులు గెలిచిన మొనగాళ్ళు కూడా అర నిమిషానికే కాలు కింద పెట్టేశారు.

లెక్క నీకు తెలిసిందే కానీ మీ అమ్మ కోసం రాస్తున్నా. ఇది రేసు కాదు చెల్లే, స్పీడుకు మార్కులు లేవు. రాళ్ళమధ్య టేపులు కట్టిన కొంచెం దారి ఉంటుంది, దాన్ని సెక్షన్ అంటారు. దాంట్లో ఒకసారి కాలు కింద పెడితే 1, రెండుసార్లు పెడితే 2, ఆపైన ఎన్నిసార్లు పెట్టినా 3. పడితే, టేపు దాటితే 5. చివరికి తక్కువ ఉన్నవాడు గెలుస్తాడు. కొన్ని పోటీల్లో బండి ఆగినా 5 వేస్తారు, కొన్నింట్లో ఆగనిస్తారు. కాబట్టి అల్లుడా, ఎక్కడికి వెళ్ళినా ముందు రూల్స్ కాగితం చదువు. మనవాళ్ళు అది తప్ప అన్నీ చదువుతారు.

ఇక బండి సంగతి. అసలైన ట్రయల్స్ బండి దాదాపు 70 కిలోలు ఉంటుంది, సీటు ఉండదు, ట్యాంకులో రెండు మూడు లీటర్లే పడుతుంది. డ్యూటీలు కలిపి దాన్ని ఇక్కడికి తెచ్చుకునే డబ్బుతో మీ నాన్న బోరు వేసి, మోటరు బిగించి, ఇంకా మిగుల్చుకోవచ్చు. విడిభాగాల కోసం నెలలు చూడాలి. 2019లో రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళు బుల్లెట్ ట్రయల్స్ అని తెచ్చారు, అది ఎక్కడైనా సెకండ్ హ్యాండ్‌లో దొరికితే కొందామా అని అడిగావు. వద్దు. ఇంగ్లండ్ రైడర్ జానీ బ్రిటెన్ బుల్లెట్ మీద 1952లో, 1957లో స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ (స్కాట్లండ్‌లో ఆరు రోజులు జరిగే పోటీ) గెలిచిన మాట నిజమే, ఆ పేరు మీదనే దీన్ని తెచ్చారు. కానీ ఇది దాదాపు 190 కిలోల రోడ్డు బండి. రాతి గుండు మీద నుంచి వెనక్కి పడితే నిన్ను లేపడానికి నలుగురు కావాలి. 1965లో శామీ మిల్లర్ అనే రైడర్ బుల్టాకో అనే స్పెయిన్ కంపెనీ తేలికైన టూ స్ట్రోక్ బండి మీద స్కాటిష్ ట్రయల్ గెలిచిన తర్వాత బరువు బండ్ల కాలం ఎట్లాగూ అయిపోయింది.

ముందు సైకిల్ ఎక్కు. నవ్వకు, బౌ కూడా సైకిల్ ట్రయల్స్ నుంచి వచ్చినవాడే. గేర్లు లేని పాత సైకిల్ చాలు, కానీ బ్రేకులు రెండూ గట్టిగా పట్టాలి. సీటు పూర్తిగా దించెయ్. పెడళ్ళు రెండూ ఒక ఎత్తులో పెట్టి నిలబడు, హ్యాండిల్ ఒక పక్కకు తిప్పి ముందు చక్రాన్ని గోడకు ఆనించు. అట్లా నిలబడడం వచ్చాక గోడ వదిలేసి ఖాళీ నేల మీద నిలబడు. ఇది రోజూ చెయ్, డ్యూటీ నుంచి వచ్చాక కూడా చెయ్. బోరు కొడుతుంది. బోరు కొట్టినప్పుడు కూడా చేస్తావా లేదా అన్నదాన్ని బట్టే నీ సంగతి నాకు తెలుస్తుంది.

ఆ తర్వాత నా షెడ్డులో ఉన్న పాత హండ్రెడ్ సీసీ బండి నీది. ముందు స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ళ చక్రం) చిన్నది, వెనకది పెద్దది వేస్తా, ఫస్ట్ గేర్‌లో నడకంత మెల్లగా పోతుంది. ఇంజిన్ కింద మందపాటి ఇనుప ప్లేటు వెల్డింగ్ చేయిస్తా, లేకపోతే మొదటి రాయికే చాంబర్ పగులుతుంది. క్లచ్ ఒక్క వేలితో పట్టాలి. మన బండ్ల కేబులు మొండిది, కొత్తది వేసి నూనె పట్టించి, నీ చూపుడు వేలు లీవరు చివర పడేట్టు దాన్ని లోపలికి జరుపుదాం. మిగతా వేళ్ళు హ్యాండిల్‌ను వదలొద్దు. ఆ వీడియోల్లో టైరుకు నాలుగైదు పాయింట్లే గాలి పెడతారని ఇక్కడ అది చేయకు. వాళ్ళ వెనక టైరు ట్యూబ్‌లెస్. మన ట్యూబు టైరులో అంత తగ్గిస్తే టైరు రిమ్ము మీద తిరిగి వాల్వు కోసుకుపోతుంది. ఇంకోటి, వాళ్ళ బండికి రేడియేటరు, ఫ్యానూ ఉంటాయి. మనది గాలితో చల్లబడే ఇంజిన్, మెల్లగా పోతే గాలి తగలదు. పది నిమిషాలు తిప్పితే పది నిమిషాలు ఆపాలి.

మలుపులో నీ రోడ్డు అలవాటు పనికిరాదు. రోడ్డు మీద బండితో పాటు మనమూ లోపలికి వంగుతాం. ఇక్కడ బండిని లోపలికి వంచి, నడుము బయటికి పెట్టి, బయటి ఫుట్‌రెస్టును కాలితో తొక్కాలి. హ్యాండిల్ పూర్తిగా తిప్పి చెల్కలో ఎనిమిది అంకె వెయ్యి, ప్రతిసారీ అంతకంటే చిన్నది వెయ్యి.

బండ ఎక్కడానికి మీ ఇంటి గడప ఎత్తుతో మొదలుపెట్టు, మోకాలెత్తు తర్వాత చూద్దాం. బండకు కొంచెం ముందే దాదాపు ఆగిపోవాలి. మోకాళ్ళు మడిచి రెండు షాకబ్జర్లనూ కిందికి అణుచు. అవి పైకి లేచే క్షణంలోనే రేజ్ ఇచ్చి క్లచ్ వదులు. ముందు చక్రం బండ అంచు దగ్గర తగిలి పైకెక్కాలి. వెనక చక్రం బండకు తగిలే సమయానికి రేజ్ మూసేసి, ఒళ్ళు ముందుకు పంపి, మోకాళ్ళు వదులు చెయ్యి, బండి నీ కిందకు అదే వస్తుంది. కొత్తవాళ్ళు వెనక చక్రం తగిలాక కూడా భయంతో రేజ్ బిగబట్టుకుని ఉంటారు. అప్పుడు బండి నిటారుగా లేచి మీద పడుతుంది. అందుకే మణికట్టుకు తాడు కట్టి, నువ్వు ఊడిపోగానే ఇంజిన్ ఆగిపోయే స్విచ్ పెడతా. అది లేకుండా గుట్ట ఎక్కించను. హెల్మెట్, షిన్ గార్డులు, చీలమండ దాటిన బూట్ల గురించి వేరే చెప్పాల్సిన పని లేదనుకుంటా.

రాళ్ళకు మనకు కరువు లేదు. నల్గొండ, దేవరకొండ, కోయిలకొండ, ఎటు చూసినా గుండ్లే. ఎండిన గ్రానైటు టైరును బాగా పట్టుకుంటుంది. మోసం చేసేది దాని మీద సన్నగా పరుచుకున్న మొరం. వానాకాలం ఒర్రె పక్కన నల్లగా నిగనిగలాడే బండను అసలే నమ్మకు, అది పాచి. సెక్షన్ ముందు కాలినడకన చూడు, కింద నుంచి పైకే కాదు, పై నుంచి కిందికి కూడా. బయటికి వచ్చే చోటు మొదట చూసి, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రావాలి. రాళ్ళ సందుల్లో చెయ్యి పెట్టే ముందు కట్టెతో తట్టు, తేళ్ళుంటాయి. కోటల్లో నడపకు, లతీఫ్ సాహెబ్ గుట్ట లాంటి మొక్కుల చోటా వద్దు. అమ్రాబాద్ అడవి పులుల రిజర్వు, అటు ఆలోచన కూడా చేయకు. పట్టా భూమైతే ఆసామిని అడుగు. గొర్ల కాపరి కనిపిస్తే ఇంజిన్ ఆపి మంద పోయేదాకా ఉండు. ఆయన ఊర్లోకి వెళ్ళి ఒక్క మాట చెప్తే ఆ గుట్ట నీకు ఉండదు. ఎండాకాలం తెల్లారకముందే బయల్దేరి ఎనిమిదికల్లా దిగిపో. అంబలి తాగి వెళ్ళు, కూల్‌డ్రింకు కాదు.

ఒంటరిగా వెళ్ళకు. నీ దోస్తు ఒకణ్ని కాగితం, పెన్నుతో సెక్షన్ పక్కన నిలబెట్టు. నీ పాదం నేలను రాసుకున్నా వాడు 1 వెయ్యాలి. మొహమాటపడేవాణ్ని తీసుకుపోకు. ఒకే సెక్షన్‌ను పది సార్లు చేసి పది అంకెలూ రాయించు. నెల తర్వాత అదే సెక్షన్ మళ్ళీ చేసి చూడు. నాకు ఆ కాగితాలు పంపు, వీడియోలు కాదు. వీడియోల్లో అందరూ బాగా వచ్చిన ఒక్కదాన్నే పెడతారు.

డబ్బు గురించి ఒక మాట. బండి ఇన్సూరెన్స్ పాలసీలో వాడకం పరిమితులు అన్న చోట చదువు: రేసులు, స్పీడ్ టెస్టింగ్‌తో పాటు రిలయబిలిటీ ట్రయల్స్‌కు కూడా వర్తించదని రాసి ఉంటుంది. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీల్లో కూడా చాలావాటికి ఇదే మెలిక. తీసుకునే ముందు ఏజెంటు మాట కాదు, కాగితం చూడు. మార్చిన బండిని రోడ్డెక్కించకు, చట్టం ఒప్పుకోదు. గుట్ట దాకా ట్రాలీ ఆటోలో వేసుకుపోదాం. జీతంలో కొంత పక్కన పెట్టు. రెండేళ్ళకు నీ కాగితాల్లో అంకెలు తగ్గితే, ఆ డబ్బుతో మంచి డర్ట్ బండి కొని, లైసెన్సు తీసుకుని, ర్యాలీ స్ప్రింటో సూపర్‌క్రాసో ఆడు. స్పాన్సర్ దగ్గరికి మాటలతో కాకుండా ఫలితాలతో పోతావు. ఒకవేళ తగ్గకపోయినా, బండి పనిలో చెయ్యి తిరిగిన మెకానిక్కు రేసు టీముల్లో ఎప్పుడూ పని ఉంటుంది. నా బతుకు అట్లనే గడిచింది, మీ అమ్మకు తెలుసు. శామీ మిల్లర్ కూడా గెలిచిన కప్పులతో ఆగలేదు, బుల్టాకో వాళ్ళకు బండి తయారుచేసి పెట్టాడు.

వచ్చే ఆదివారం రా. బండి మీద రాకు, మీ అమ్మ భయం మీ అమ్మది. కల్వకుర్తిలో బస్సెక్కి మల్లేపల్లిలో దిగితే నల్గొండ బస్సులు దొరుకుతాయి. దేవరకొండ రోడ్డులో నా షెడ్డు ఎవర్ని అడిగినా చెప్తారు. మీ తాత సైకిల్ అటకమీద ఉందన్నావు కదా, దాని ఫ్రేము పగిలిందేమో చూసి ఫోటో పెట్టు. బేరింగులు ఇక్కడ నేను వేస్తా.

మీ మామ